చిటికెన వేలి ధర

ఆ చేపల హాలులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ తువ్వాలక్కే. తలంతా నెరిసిన ముసలాయన కూడా అక్క అనే అనేవాడు. ఆ పిలుపుకి వయసుతో పని లేదు, ఆమె భుజం మీద ఉండే తువ్వాలుతోనే పని. నీలం గళ్ళ ముతక తువ్వాలు. దానితో ఆమె ఏనాడూ మొహం తుడుచుకోలేదు, చెయ్యీ తుడుచుకోలేదు. దాని కింద చెయ్యి పెట్టి వంజరం అమ్మేది.

చిన్నా చితకా చేపలకు హాలు అవతలి చివర అరుపుల వేలం జరిగేది. ఎవడి గొంతు పెద్దదైతే వాడిదే బుట్ట. వంజరానికి ఆ పద్ధతి పనికిరాదు. మనిషి చెయ్యంత పొడుగు, వెండి పూత పూసినట్టు ఒళ్ళు, పక్కల చారలు. నడిమి ముల్లు తప్ప లోపల పెద్దగా ముళ్ళు ఉండవు. అడ్డంగా కోస్తే ముక్కలు గుండ్రంగా, ఒకే మందంలో వస్తాయి. హోటళ్ళవాళ్ళు, విందులు చేయించేవాళ్ళు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఓడలకెక్కించేవాళ్ళు, అందరి కన్నూ దాని మీదే. అలాంటి చేపకు నోటితో ధర పాడితే ఒకడి మాట ఇంకొకడి చెవిన పడుతుంది. చెవిన పడ్డాక కొనేవాళ్ళంతా కళ్ళతోనే మాట్లాడుకుని ఒక్కటైపోతారు. నట్టేట మునిగేది పడవవాడు. అందుకని ఎప్పటివాళ్ళో ఈ ఏర్పాటు చేశారు. కొనేవాడు ఒక్కొక్కడుగా ఆమె దగ్గరికి వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టి ఆమె వేళ్ళు పట్టుకుంటాడు. లెక్క చూపుడు వేలి నుంచి మొదలు. ఒక వేలు పట్టుకుంటే కిలోకి వంద. రెండు పట్టుకుంటే రెండొందలు. మొత్తం చెయ్యి పట్టుకుంటే అయిదు. ఎనిమిది అనాలంటే ఒకసారి చెయ్యంతా పట్టి, వదిలి, మళ్ళీ మూడు వేళ్ళు పట్టాలి. తొమ్మిదికి చెయ్యంతా, ఆ తర్వాత నాలుగు వేళ్ళు. పదికి రెండుసార్లూ చెయ్యంతా. అందరూ అయ్యాక, ఎక్కువ పట్టినవాడి చెవిలో ఒకసారి, పడవవాడి చెవిలో ఒకసారి ధర చెప్పేది. ఇద్దరిదీ సమానమైతే ముందు పట్టినవాడిది. నువ్వెంత పట్టావని పక్కవాణ్ణి అడగడం ఆ హాలులో మహా తప్పు. ఎవరైనా అడిగితే, ఎదుటివాడి కంచంలోకి తొంగి చూసినవాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళు.

ఆ తువ్వాలు ముందు ఆమె తండ్రిది. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయనే ఒక పొద్దున అందరి ముందూ కూతురి భుజం మీద వేసి, ఇక నుంచి ఇదే చెయ్యి అన్నాడు. కొడుకు ఉన్నాడు కానీ వాడికి నేల మీద కాలు నిలిచేది కాదు. ఈత వచ్చిన మర్నాటి నుంచీ సముద్రమే. ఆడపిల్ల చెయ్యి పట్టుకుని ధర చెప్పడమేమిటని కొంతమంది ముక్కున వేలేసుకున్నారు. నెల తిరక్కుండా ఆ వేళ్ళే తీసి ఆమె వేళ్ళు పట్టుకున్నారు. చేప కావాలి కదా మరి.

పెళ్ళయ్యాక మొగుడు ఆటపట్టించేవాడు. ఆయన హాలు వెనక మంచు ఫ్యాక్టరీలో దిమ్మలు పొడిచే మిషను నడిపేవాడు. "ఊళ్ళో మగాళ్ళందరి చెయ్యీ పట్టుకుంటావు, నా చెయ్యి పట్టుకోమంటే తీరిక లేదంటావు" అనేవాడు. "నువ్వేమైనా వంజరం కొంటావా? కొను, పట్టుకుంటాను" అనేది ఆమె. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. పిల్లలు కలగలేదు. దాని గురించి మొదట్లో ఏడ్చారు, తర్వాత మానేశారు.

ఆయన మిషను పక్కనే గుండె పట్టుకుని కూలబడి, అక్కడే పోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకపోయింది. అప్పటి నుంచీ ఆమె ఏడవలేదు. ఏడవడం లేదేమిటని చుట్టాలు ఒకళ్ళ చెవులు ఒకళ్ళు కొరుక్కున్నారు. ఆమెకూ వింతగానే ఉండేది. అన్నం తినేది, నిద్రపోయేది, జడ వేసుకునేది, అదంతా పక్కింటావిడ చేస్తుంటే గుమ్మంలోంచి చూస్తున్నట్టు ఉండేది. ఎవరైనా పోయినవాడి మాట ఎత్తితే అవునని తల ఊపేది. కంట్లో తడి లేదు, గొంతులో జీర లేదు. పొద్దున్నే లేవడం, తువ్వాలు భుజాన వేసుకోవడం, హాలుకి నడవడం. ఇది మాత్రం తప్పలేదు. ఇది లేకపోతే ఆమె మంచం మీంచి లేచేదే కాదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

కుడి చేతి చిటికెన వేలు మొద్దుబారింది కూడా ఆ రోజుల్లోనే. మంచులో పెట్టినా చల్లదనం తెలియలేదు, గిల్లితే గిల్లినట్టు లేదు. మనిషే మొద్దుబారినప్పుడు వేలెంత అనుకుంది. ఒకసారి మాత్రం దారిలో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మోచేతి మీద రెండు వేళ్ళతో తట్టి, ఇన్నేళ్ళూ రేకు బల్ల అంచు మీద మోచెయ్యి ఆనించి నిలబడటం వల్ల నరం నలిగిందని చెప్పాడు. ఆనించడం మానెయ్యమన్నాడు, ఏవో పరీక్షలు రాశాడు. ఆమె సరేనంది. ఆ చీటీ ఇంటికి తెచ్చి గూట్లో పెట్టి మర్చిపోయింది. మర్నాడు మళ్ళీ బల్ల మీద మోచెయ్యి ఆనించే నిలబడింది.

చిక్కు ఎక్కడంటే, ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా ఆ చిటికెన వేలే. మూడు వేళ్ళు పట్టాడా, నాలుగు పట్టాడా? నాలుగోది ఆమెకు తెలియదు. మొదట్లో ఎదుటివాడి ముంజేతి వైపు, భుజం వైపు చూసి పసిగట్టేది. కొంతమంది నాలుగు వేళ్ళు పట్టేటప్పుడు చెయ్యి కాస్త ముందుకు తోస్తారు. అందరూ తొయ్యరు. అనుమానం వస్తే ఏం చెయ్యాలి? ఎక్కువ చెప్తే కొనేవాడు ఊరుకోడు, ఎనిమిది పడితే తొమ్మిది అంటావేమిటని అక్కడే రచ్చ చేస్తాడు, గుట్టు రట్టవుతుంది. తక్కువ చెప్తే ఎవడూ నోరెత్తడు. అందుకని అనుమానం వచ్చినప్పుడల్లా ఎనిమిది అనేది. రానురాను ప్రతిసారీ అనుమానమే వచ్చేది. ఎవరూ గొడవ పెట్టలేదు కాబట్టి తను చెప్పిందే సరైనదని తనకు తనే నచ్చజెప్పుకుంది. గొడవ ఎందుకు పెట్టలేదో ఆలోచించే ఓపిక అప్పట్లో ఆమెకు లేదు. దేనికీ లేదు. ఒక్కసారి నిలబడి ఆలోచించి ఉంటే ఎంతోమంది ఇళ్ళు బాగుపడేవి, కానీ ఆలోచించలేదు.

హాలులో అందరూ ఆమెను మహా మర్యాదగా చూసేవాళ్ళు. పెద్ద కోల్డ్ స్టోరేజీ ఆయన, పై పళ్ళలో ఒకదానికి బంగారం తొడిగించుకున్నాడు కాబట్టి బంగారుపన్ను అనేవాళ్ళు, ఆయన రోజూ ఆమె కోసం టీ తెప్పించేవాడు. "అక్క చెయ్యి చల్లని చెయ్యి" అని నలుగురిలో అనేవాడు. హోటళ్ళకు చేప సరఫరా చేసే ఆయన కుర్చీ తెచ్చి వేసేవాడు. మొగుడు పోయిన మనిషి కదా, జాలి పడుతున్నారనుకుంది. జాలిని కూడా అలాగే, రుచి తెలియకుండా టీతో పాటు తాగేసేది.

ఇటు పడవలవాళ్ళ మొహాలు వాడిపోతూ వచ్చాయి. వంజరం ధర పడిపోయిందని చెప్పుకునేవాళ్ళు. ఎక్కడ పడిపోయింది, ఎందుకు పడిపోయింది అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎనిమిది దాటితే ఒట్టు. డీజిలు ఖర్చు అదే, మంచు ఖర్చు అదే, వల కుట్టే కూలి అదే. ఆమె తమ్ముడిదీ పడవే. వాడూ, ఇంకో ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. ఇంజను పాతబడి మధ్య సముద్రంలో దగ్గుతోందని, కొత్తది వెయ్యాలని, వెయ్యడానికి ఈ ధర చాలదని చెప్పేవాడు. ఒకరోజు హాలు బయట బీడీ పారేసి, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"పడవ అమ్మేస్తున్నానక్కా. బంగారుపన్నుకే. అడ్వాన్సు తీసుకున్నాను. ఇంకో రెండు వేటలకి వెళ్ళొచ్చి అప్పజెప్పేస్తాను."

"అమ్మేసి ఏం చేస్తావురా?"

"ఆయన పడవ మీదే కూలికి వెళ్తాను. నడపడం నాకు తెలిసినట్టు ఎవడికి తెలుసు దాన్ని?"

"మార్కెట్ అలా ఉంది. ఏం చేస్తాం" అంది ఆమె.

వాడు ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, "అవును, ఏం చేస్తాం" అన్నాడు. తండ్రి పెట్టిన డబ్బుకి తన రెక్కల కష్టం కలిపి వాడు కొనుక్కున్న పడవ అది. తన పడవ మీద తనే కూలీ కాబోతున్నాడు. ఆ మాట విని ఆమెకు బాధ కలగాలి. కలగలేదు. కలగలేదని మాత్రం తెలిసింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు బంగారుపన్నుకి జ్వరం తగిలింది. ఆయన బదులు ఆయన భార్య వచ్చింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చేప వాసనకి ముక్కు చిట్లించలేదు, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని తడి నేల మీద గట్టిగా నడిచింది. మొగుడు మంచం మీంచే లెక్క నేర్పి పంపాడట. ఆ పొద్దున నేల మీద పరిచింది తమ్ముడి పడవ చేపే. చివరి వేటకు ముందు వేట. గట్టి వంజరాలు, మొప్పలు విప్పితే ఎర్రగా ఉన్నాయి, తోకలు వంచితే వంగడం లేదు. తమ్ముడు కాటా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఒక్కొక్కరుగా వచ్చారు. తువ్వాలు కిందికి చేతులు వచ్చాయి, వెళ్ళాయి. చివరికి ఆవిడ వచ్చింది. ఆ తువ్వాలు కిందికి ఇంకో ఆడ చెయ్యి రావడం అదే మొదలు. గాజులు గలగలమంటే చుట్టూ ఉన్న మగవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఆవిడ చెయ్యంతా పట్టింది, వదిలింది, మళ్ళీ పట్టింది. మూడు వేళ్ళా, నాలుగా? తువ్వాలక్క ఎప్పటిలాగే తేల్చేసింది. అప్పటిదాకా వచ్చినవి ఏడు, ఏడు, ఆరు. అందుకని ఆవిడ చెవి దగ్గరికి వంగి, "ఎనిమిది. మీదే" అంది.

ఆవిడకి చెవిలో గుసగుసలు అలవాటు లేదు. అందరికీ వినిపించేలా అనేసింది.

"అయ్యో, ఎనిమిది కాదక్కా. నాలుగు వేళ్ళు పట్టాను కదా. తొమ్మిది."

హాలులో ఆ చివర అరుపుల వేలం నడుస్తూనే ఉంది. ఈ చివర మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తువ్వాలక్క తల ఎత్తి చూసింది. ఎవరైనా నవ్వుతారేమో, "అదేమిటక్కా" అంటారేమో, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారేమో అనుకుంది. ఒక్కడూ ఆశ్చర్యపోలేదు. హోటళ్ళాయన చెప్పులకంటిన మంచు ముక్కని కాలితో దులుపుకుంటున్నాడు. ఇంకొకాయన సెల్‌ఫోను తీసి, అది మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు చేపల వైపు చూస్తున్నారు, చేపలు పారిపోతాయేమో అన్నంత శ్రద్ధగా. రోజూ చెయ్యి పట్టుకునే మనుషులు. ఎవడి అరచెయ్యి చెమట పడుతుందో, ఎవడి ఉంగరం ఎక్కడ గుచ్చుకుంటుందో ఆమెకు తెలుసు. వీళ్ళందరికీ తన వేలి సంగతి తెలుసని మాత్రం ఆ నిమిషం దాకా తెలియదు. తొమ్మిది పట్టిన ప్రతివాడూ ఎనిమిదికి పట్టుకెళ్ళి కిమ్మనకుండా కూర్చున్నాడు. కుర్చీ అందుకు, టీ అందుకు.

ఆమె కాటా వైపు తిరిగింది. తమ్ముడు తల వంచుకుని కాటా ముల్లు వైపే చూస్తున్నాడు. వాడూ ఆశ్చర్యపోలేదు.

"తొమ్మిదే" అంది ఆమె, పైకే. చేప తూచారు. ఆవిడ తొమ్మిది లెక్కనే ఇచ్చి, తను ఏం తప్పు చేసిందో తెలియక అందరి మొహాలూ చూస్తూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తువ్వాలక్క తమ్ముడి ఇంటికి వెళ్ళింది. ముందు గదిలో సగం వల పరిచి ఉంది, మూలన నూనె డబ్బా, గోడకి ఆనించి ఇంజను విడి భాగాలు పాత పేపరు మీద. మరదలు వంటింటి గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తమ్ముడు వల చిరుగు చూస్తున్నాడు. అమ్మేసే పడవకి వల బాగుచెయ్యడం ఎందుకో వాడికే తెలియాలి. ఆమె నిలబడే అడిగింది.

"నీకు ఎప్పట్నుంచీ తెలుసు?"

వాడు నీళ్ళు నమిలాడు. "ఏదీ?"

"నా దగ్గర వేషాలెయ్యకు."

వాడు వల కన్నాల్లో వేళ్ళు దూర్చాడు. తర్వాత మెల్లిగా చెప్పాడు.

"బావ పోయిన కొత్తలో ఇక్కడే ఉన్నావు కదా. ఒకరోజు పొయ్యి మీంచి గిన్నె ఒట్టి చేత్తో దించావు. చుర్రుమనగానే అన్ని వేళ్ళూ తీసేశావు. చిటికెన వేలు మాత్రం గిన్నెకే ఆనించి పెట్టావు. కాలిన వాసన నాకొచ్చింది. నీకు రాలేదు."

"అప్పట్నుంచీ తెలుసా?"

"అప్పుడు వేలు సంగతి తెలిసింది. ఆ తర్వాత నా చేపకి రోజూ ఎనిమిదే వస్తుంటే మిగతాది తెలిసింది."

"నోరేమైందిరా?"

"చెప్తే ఏమవుతుంది? తువ్వాలు తీసేసుకుంటారు. తీసేసుకుంటే నువ్వు మంచం మీంచి లేవవు." వాడు ఆమె వైపు చూడలేదు. "పడవదేముందక్కా. ఎప్పుడైనా కొనుక్కోవచ్చు."

వెల్లుల్లి పళ్ళెం నేలకి కొట్టిన చప్పుడైంది. మరదలు లేచి నిలబడింది. మెతక మనిషి, ఆడబిడ్డ ముందు ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు.

"నాకు తెలీదు వదినా. నాకూ చెప్పలేదు. మార్కెట్ పడిపోయిందన్నాడు, నమ్మాను. నా మెళ్ళో గొలుసు డీజిల్లోకి పోతే మార్కెట్ పడిపోయిందని ఊరుకున్నాను. మీ అక్కాతమ్ముళ్ళ ప్రేమ చల్లగుండ, మధ్యలో నా ఇల్లు మునిగింది."

ఆవిడ అన్నదాంట్లో తీసెయ్యాల్సిన మాట ఒక్కటీ లేదు. తువ్వాలక్కకి కోపం వచ్చింది. తమ్ముడి మీద వచ్చింది, టీలు తెప్పించినవాళ్ళ మీద వచ్చింది, అందరికంటే ఎక్కువగా తన మీద తనకు వచ్చింది. మొగుడు పోయాక ఆమెకు వచ్చిన మొదటి కోపం అది. వాడి వీపు మీద ఒక్కటి ఇచ్చింది, చిన్నప్పుడు కొట్టినట్టు, గట్టిగా.

"నన్ను మంచం మీంచి లేపడానికి నీ పిల్లల నోటి దగ్గరది తీస్తావా? ఎవడు చెప్పాడు నీకు? నేనడిగానా?"

వాడు దెబ్బ తిన్న చోట తడుముకోలేదు కూడా. "అడగలేదు" అన్నాడు.

ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. సాయంత్రానికల్లా ఆ కోపం కూడా చల్లారిపోయింది, మళ్ళీ ఎప్పటిలాగే అయిపోయింది. కానీ ఏం చెయ్యాలో మాత్రం తేల్చుకుంది. చెయ్యడానికి బాధ పడి తీరాలని లేదు కదా.

చివరి వేట చేప వచ్చిన పొద్దున హాలు నిండుగా ఉంది. బంగారుపన్ను జ్వరం తగ్గి, మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. చేప అయ్యాక పడవ కూడా అప్పజెప్పించుకుందామని. తమ్ముడు చేపను వరసగా పేర్చాడు, తలలన్నీ ఒకే వైపు. తువ్వాలక్క భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, కాటా పక్కన బల్ల మీద పెట్టింది. మోచెయ్యి ఎక్కడా ఆనించకుండా నిలబడింది.

"నా చిటికెన వేలు చచ్చిపోయింది. ఆ సంగతి మీకందరికీ తెలుసు. పడవలవాళ్ళకి తెలీదు, అందుకని ఇప్పుడు పైకి చెప్తున్నాను. మీరు తొమ్మిది పట్టారు, నేను ఎనిమిది అన్నాను, మీరు ఊరుకున్నారు. తప్పు నాది. తువ్వాలు ఇక నేను ముట్టుకోను. ఎవరికిస్తారో మీరే చూసుకోండి. ఇవాళ్టికి మాత్రం నోటితో పాడండి."

వెనక నిలబడ్డ పడవలవాళ్ళలో గుసగుస మొదలై పెద్దదైంది. ఒకడు బూతు మాట అన్నాడు, ఆమెనే అన్నాడు. అనాల్సిందేనని ఆమె ఊరుకుంది.

"ఇప్పుడిదంతా ఎందుకక్కా?" అన్నాడు బంగారుపన్ను మఫ్లరు సర్దుకుంటూ. "నిన్ను మేం ఏనాడైనా ఒక్క మాటన్నామా?"

"అనలేదు. అందుకే ఇంతదాకా వచ్చింది. పాడండి."

పెళ్ళి చూపుల్లో పాట పాడమన్నట్టు అందరూ సిగ్గుపడ్డారు. వంజరానికి గొంతు విప్పిన అలవాటు ఎవరికీ లేదు. చివరికి హోటళ్ళాయన తల గోక్కుని "ఏడు" అన్నాడు. బంగారుపన్ను దగ్గి "ఎనిమిది" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ నోరు మెదపలేదు.

ఆమె ఎదురు చూసింది. పోయిన వేట చేపకి ఆయన భార్యే తొమ్మిది పట్టింది. ఈ చేప అంతకంటే పెద్దది. తొమ్మిది విలువ చేస్తుందని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, మొన్నటిదాకా తువ్వాలు కింద నాలుగు వేళ్ళూ పట్టినవాళ్ళే. ఇప్పుడు ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకున్నారు, అంతే, తేలిపోయింది. ఇన్నాళ్ళూ ఎనిమిదికి తిని తిని ఆ రుచి మరిగారు. వేలి సంగతి చెప్పేస్తే ధర దానంతటదే లేచి నిలబడుతుందనుకుంది. లేవలేదు. తండ్రి తువ్వాలు ఎందుకు కప్పేవాడో కళ్ళకు కట్టినట్టు కనపడింది. తన మొద్దు వేలు ఇప్పుడు ఈ హాలు ధర అయి కూర్చుంది.

తమ్ముడు బంగారుపన్ను వైపు తిరిగి "తీసుకెళ్ళండి" అనబోయాడు.

"తొమ్మిది" అంది ఆమె.

ఎవరన్నారా అని కొంతమంది వెనక్కి తిరిగి చూశారు. బంగారుపన్ను పన్ను కనపడేలా నవ్వాడు.

"నువ్వు పాడకూడదక్కా. నువ్వు మధ్యవర్తివి."

"తువ్వాలు ఉన్నవాళ్ళు పాడకూడదు. తువ్వాలు అదిగో, బల్ల మీదుంది."

"అంత చేప ఏం చేసుకుంటావు? నీ ఇంట్లో ఫ్రిజ్జు కూడా లేదు."

"అది నా తంటా. నువ్వు పది అంటావా?"

ఆయన అనలేదు. మధ్యాహ్నానికి చేప మెత్తబడ్డాక తనే వచ్చి సగానికిస్తుందిలే అనుకుని ఉంటాడు. పట్టుదలకి పోయి పది అంటే రేపటి నుంచీ అదే ధర అయిపోతుందనీ అనుకుని ఉంటాడు. మిగతావాళ్ళు ఆయన మొహం చూసి ఊరుకున్నారు. తూకం అయింది. మొగుడు పోయినప్పుడు మంచు ఫ్యాక్టరీవాళ్ళు ఆమె చేతిలో పెట్టిన డబ్బు అలాగే ఉంది, ముట్టుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. అందులోంచి చెల్లించింది. పడవలో వెళ్ళిన మిగతా ఇద్దరూ తమ వాటా తీసుకుని, ఏమనాలో తెలియక దణ్ణం పెట్టినట్టు తల వంచి వెళ్ళారు.

హాలు బయట, ఇళ్ళవాళ్ళు ముక్కల లెక్కన కొనుక్కునే వరసలో గోనె పట్టా పరిచి కూర్చుంది. పక్కన రొయ్యలు అమ్మే ముసలావిడ మొద్దూ కత్తీ అరువిచ్చింది. వంజరం కొయ్యడం ఆమెకు పెద్దగా రాదు. ఎంతసేపూ అమ్మిందే కానీ కోసింది లేదు. మొదటి ముక్క ఒకవైపు లావుగా, ఒకవైపు పల్చగా వచ్చింది. కొనడానికి వచ్చినావిడ ముక్కని తిప్పి చూసి, "ఇదేంటమ్మా, చెక్కినట్టుంది?" అంది. "లావు వైపు పెద్దాళ్ళకి, పల్చటి వైపు పిల్లలకి" అంది తువ్వాలక్క, మొహంలో ఏ మార్పూ లేకుండా. ఆవిడ పకపకా నవ్వి కిలో తీసుకుంది. ఆ నవ్వు విని ఇంకో ఇద్దరు ఆగారు.

తమ్ముడు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చేప తల పట్టుకున్నాడు, ఆమెకు కొయ్యడం సులువవుతుందని.

"బావ పడ్డ కష్టం ఇలా తగలేస్తావా?" అన్నాడు. "ఒక్క రోజు తొమ్మిది వస్తే ఏం ఒరిగిందక్కా?"

"అడ్వాన్సు తిరిగిచ్చెయ్."

"ఇచ్చేసి?"

"వేటకి వెళ్ళు. చేప తీసుకురా. వాళ్ళు ఎనిమిది దగ్గర ఆగితే తొమ్మిది నేనంటాను. నీ ఒక్కడిదే కాదు, ఎవరి చేపైనా అంటాను. నా వల్ల పోగొట్టుకున్నది నువ్వొక్కడివే కాదు."

"ఎన్నాళ్ళంటావు? ఆ డబ్బు ఎన్నాళ్ళొస్తుంది?"

"అమ్మితే మళ్ళీ వస్తుంది కదరా. వాళ్ళు పది అనేదాకా అంటాను. వాళ్ళకీ చేప కావాలి, ఎన్నాళ్ళు బిగదీసుకుంటారు?"

"ఒకవేళ అమ్ముడుపోకపోతే?"

ఆమె కత్తి ఎత్తి ఇంకో ముక్క కోసింది. తమ్ముడు మొహం అటు తిప్పుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నలభయ్యేళ్ళ మనిషి, తుఫాన్లో పడవ బోర్లా పడితే నవ్వుతూ ఇంటికొచ్చిన మనిషి, చేప తల పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమెకు ఏడుపు రాలేదు. భయం వేసింది. పట్టా మీద ఇంకా సగం చేప మిగిలి ఉంది, ఎండ పైకొస్తోంది, రేపు ఇంకో పడవ చేప వస్తుంది, దాన్నీ ఇలాగే అమ్మాలి. మొగుడు పోయాక ఆమె రేపటి గురించి భయపడటం ఇదే మొదలు.

"ఏడుస్తూ కూర్చుంటే చేప మెత్తబడిపోతుంది. లే, వెళ్ళి మంచు తీసుకురా" అంది.

వాడు భుజంతో మొహం తుడుచుకుని లేచి, మంచు ఫ్యాక్టరీ వైపు నడిచాడు.